చిట్టీ, ముందు ఆ ఫోటో తీసెయ్

చిట్టీ,

మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురి కోసం నువ్వు చందాలు మొదలుపెట్టావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. ఒకటే టెన్షన్ తనకి. "పదిమంది డబ్బుతో వ్యవహారం మనకెందుకే అంటే వినడం లేదు వదినా, నువ్వైనా చెప్పు" అంది. నేను చెప్పనన్నాను. బండి గుద్దేసి వెళ్లిపోతే ఐసీయూలో పడున్న పిల్ల కోసం ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి కదా. ఆ ఒక్కరు మా తమ్ముడి కూతురైతే నాకు గర్వం కాక ఇంకేముంటుంది. కానీ ఫోన్ పెట్టేశాక మీ అమ్మ నీ పోస్టర్ పంపింది. ఏడేళ్ల పిల్ల, తలకి కట్టు, ముక్కులో గొట్టం, సగం మూసిన కళ్లు. కింద పిల్ల పేరు, బడి పేరు, తండ్రి ఫోన్ నంబరు, స్కానర్. ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు. ఫోన్లో అయితే తిట్టేస్తాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

తెలిసిన సంగతులు ముందు గబగబా చెప్పేస్తాను. హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద డాక్టర్ సంతకం, స్టాంపు ఉన్న ఎస్టిమేట్ తీసుకో, నోటిమాట లెక్కలు పనికిరావు. జనాన్ని అడిగేముందు సర్కారుని అడుగు. వాళ్లకి వనపర్తిలో తెల్ల రేషన్ కార్డు ఉందన్నావుట, మరి ఆ హాస్పిటల్ ఆరోగ్యశ్రీలో ఉందో లేదో కనుక్కున్నావా? ఉంటే అక్కడే ఆరోగ్యమిత్ర అని ఒక మనిషి కూర్చుని ఉంటారు. లేకపోతే, పిల్లని నిమ్స్‌కో గాంధీకో మార్చొచ్చా అని డాక్టర్‌నే అడుగు, సొంత తెలివితో మాత్రం కదిలించకు. 2007లో ఆ పథకం వచ్చినప్పుడు నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను, పదకొండేళ్లు ఆలస్యంగా వచ్చిందని. ఇప్పుడు 2023 డిసెంబరు నుంచి పది లక్షల దాకా చేశారు. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవచ్చు, కట్టినదంతా రాదు, కొంత వస్తుంది. దానికి ఒరిజినల్ బిల్లులు కావాలి, కాబట్టి ఒక్క కాగితం కూడా ఆ తండ్రి చొక్కా జేబులో నలగనివ్వకు.

ఇంక ఫోటో సంగతి.

మీ బావకి గుండెలో రంధ్రం అని తెలిసింది 1996లో, వాడికి తొమ్మిదేళ్లు. ఆపరేషన్‌కి ఎనభై వేలన్నారు. మీ మామయ్య ప్రెస్‌లో కంపోజింగ్ చేసేవాడు, జీతం రెండువేల రెండొందలు. నా గాజులు, మీ తాత ఇచ్చిన పాతిక వేలు పోగా ఇంకా సగం దాకా తక్కువ. ఎవరో తెలిసినాయన పేపర్లో వేయిస్తానన్నాడు, ఫోటో తెమ్మన్నాడు. నేను వాడికి తలంటి, పక్క పాపిడి తీసి, పౌడరు రాసి, పండగ చొక్కా వేసి స్టూడియోకి తీసుకెళ్లాను. ఆయన మమ్మల్ని చూసి, "ఇలా కాదమ్మా, ఇలా ఉంటే ఎవరిస్తారు?" అన్నాడు. చెడ్డవాడు కాదు, ఉన్న మాటే అన్నాడు. అప్పుడు నేనే, చిట్టీ, ఈ చేతుల్తోనే వాడి జుట్టు చెరిపాను. కొంగుతో పౌడరు తుడిచాను. పక్కటెముకలు కనబడేలా చొక్కా గుండీలు విప్పాను. "ఎందుకమ్మా, ఫోటోకి దువ్వుకోవాలి కదా" అన్నాడు వాడు. నోర్ముయ్ అన్నాను.

డబ్బు వచ్చింది. పోస్ట్‌మన్ రోజూ మనియార్డర్లు తెచ్చేవాడు, ఇరవై, యాభై ఒకటి, నూట పదహారు. ఆ ఫారం కింద ముక్కలో జాగా ఎంత ఉంటుందని, అందులోనే "బాబుకి ఆశీస్సులు" అని రాసేవాళ్లు. ఆపరేషన్ అయింది, పిల్లాడు బతికాడు. ఆ పుణ్యాత్ముల్ని నేను ఏ రోజూ మరిచిపోలేదు. కానీ ఫోటో కూడా బతికే ఉంది. నల్లకుంటలో మా సందు చివర కిరాణా కొట్టాయన ఆ పేపరు ముక్క కత్తిరించి గల్లాపెట్టె పక్కన అద్దానికి అంటించుకున్నాడు. వంద రూపాయలిచ్చినాయన, ప్రేమే. వీడు ఐస్ కొనుక్కోబోతే, "నువ్వు గుండె ఆపరేషన్ పిల్లాడివి, నీకెందుకురా" అని డబ్బులు వెనక్కిచ్చి పంపేవాడు, అందరిముందూ. బళ్లో పిల్లలు వాణ్ని చందాగాడు అనేవాళ్లు. ఆ మాట వాడు నాకు చెప్పింది ఇంజనీరింగ్ అయ్యాక! అప్పటిదాకా మింగుకున్నాడు. పదో తరగతి గ్రూప్ ఫోటోలో వాడు లేడు, జ్వరమన్నాడు, నేను నమ్మాను. ఇప్పటికీ ఎవరైనా ఫోన్ ఎత్తి ఫోటో తీస్తామంటే వాడి చెయ్యి ముందు తల మీదికి వెళ్తుంది చూడు. మీరంతా స్టైల్ అని ఏడిపిస్తారు కదా.

అది ఒక్క పేపరు, నాలుగు రోజుల్లో పాతదైంది. నువ్వు పెట్టింది ఎన్ని ఫోన్లలో దిగిందో నీకే తెలీదు. ఆ పిల్ల లేచి బడికి వెళ్తుంది, వెళ్లాలి, అప్పుడు ఆ ముఖంతోనే కదా వెళ్లేది. పైగా నేను నా బిడ్డని చేశాను, నువ్వు వేరేవాళ్ల బిడ్డని చేశావు. అడిగే తీశావనే అనుకుంటున్నాను, కానీ కౌంటర్లో డబ్బు కట్టమంటుంటే ఆ తల్లి వద్దని ఎలా అంటుంది? ముఖం బదులు ఎస్టిమేట్ పెట్టు. అందులో హాస్పిటల్ వేసిన పేషెంట్ నంబరూ అడ్రసూ కనబడకుండా చెరుపు. హాస్పిటల్ పేరు, కట్టింది ఎంత, కట్టాల్సింది ఎంత రాయి. బడి పేరు మాత్రం వద్దే వద్దు. డబ్బు నెమ్మదిగా వస్తుంది, నిజమే. నా మాట విన్నందుకు తక్కువ వస్తే ఆ పాపం నాది.

లెక్క సంగతి కూడా విను. ఆ ఏడు దసరాకి వాడికి ఒక చొక్కా కొన్నాను, మీ మామయ్య బోనస్‌తో. పక్కింటావిడ "చందాలో మిగిలాయా?" అంది. నవ్వుతూనే అంది. మనియార్డర్ ముక్కలన్నీ డాల్డా డబ్బాలో వేశానే గానీ ఒక పుస్తకంలో రాయలేదు, ఏం చూపిస్తాను? కాబట్టి నీ సొంత అకౌంట్లోకి రూపాయి రానివ్వకు, నీ జీతం పడేచోట అసలు వద్దు. కుదిరితే నేరుగా హాస్పిటల్‌కే కట్టమను, రసీదు పెట్టు. లేదా ఆన్‌లైన్లో చందాలు పోగుచేసే మిలాప్, కెట్టో లాంటివాటిలో పెట్టు, వాళ్లు కాగితాలు అడుగుతారు, కాస్త చిరాకే, అడగనీ. ఎవరైనా పన్ను మినహాయింపుకి 80జీ రసీదు కావాలంటే, ఒక మనిషికి నేరుగా ఇచ్చేదానికి అది రాదని ముందే చెప్పు. రోజూ రాత్రి ఎంత వచ్చిందో ఎంత కట్టారో ఒక ముక్క రాయి. సరిపోయిన రోజు చాలని చెప్పి ఆపెయ్.

ఆ తండ్రి నంబరు తీసి నీది పెట్టు. డబ్బు పంపుతాం, పిన్ కొట్టమని అతనికి ఫోన్లొస్తాయి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని అతనికి ఎవరు చెప్పారు? ఇవాళే చెప్పు. నీ పోస్టరుకే వేరే స్కానర్ అంటించి తిప్పేవాళ్లు కూడా ఉంటారు, కనబడితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.

చాలా అనేశాను. నీ వయసులో నేనైతే తలుపేసుకుని పక్కింటివాళ్ల కష్టం పక్కింటిదే అనుకునేదాన్ని, నువ్వు మా తమ్ముడి పోలిక. హాస్పిటల్‌కి వెళ్లేముందు ఏదైనా తిని వెళ్లు, ఆ తల్లికి కూడా రెండు ఇడ్లీలు కట్టించి తీసుకెళ్లు.

పొద్దున్నే మీ బావకి ఆ పోస్టర్ చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఇరవై వేలు వేస్తాను, నా పేరు ఎక్కడా రాయొద్దని చెప్పు అన్నాడు. ఫోటో తీసేశానని నువ్వు మెసేజ్ పెట్టాకే వేస్తాడట.

మీ అత్త