గల్లగురిగి కథ రాసిన అమ్మాయికి

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఐదారేళ్ల పిల్లల బొమ్మల పుస్తకమన్నావు కాబట్టి ఆ లెక్కలోనే చదివాను. పిల్లవాడు గల్లగురిగిలో, అంటే మట్టి హుండీలో, డబ్బులు దాచి సైకిల్ కొనుక్కోవడం బాగానే ఉంది. కానీ కథంతా జరగాల్సిన చోట "కొన్ని నెలలు గడిచాయి" అని రాసి దాటేశావు. ఓపిక, కృతజ్ఞత నేర్పే కథన్నావు. ఓపిక గురించి రాస్తూ ఎదురుచూపునే తీసేస్తే ఇంకేం మిగిలింది?

ముందు ఆ సైకిల్ తీసెయ్. పదీ ఇరవైలతో దానికి ఏళ్లు పడుతుంది. ఆ వయసు వాళ్లకు వచ్చే ఏడాది అన్నా, ఎప్పుడూ రాదు అన్నా ఒకటే. మన నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌లో జెయింట్ వీల్ పెట్టి చూడు. ఏటా మామూలుగా జనవరి 1న మొదలవుతుంది, డిసెంబరులో దాచడం మొదలుపెడితే చాలు. క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ పోవచ్చు.

బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు. పెద్ద షీటు మడిస్తే 16 పేజీలు వస్తాయి, అలాంటివి రెండు. టైటిల్, వివరాలు పోగా కథకు పన్నెండు, పదమూడు జంట పేజీలు మిగులుతాయి. వాటిలో నాలుగైదు ఎదురుచూపుకే ఇవ్వు. గురిగిలో మొదటి బిళ్ల పడ్డాక ఊపితే గలగలమంటుంది. నిండేకొద్దీ చప్పుడు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. లోపల ఎంతుందో కనబడదు. అందుకే పిల్లలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటారు, చీపురు పుల్ల దూర్చి బిళ్ల లాగాలని చూస్తారు. ఆ పుల్ల బొమ్మ వెయ్యమని ఆర్టిస్టుకు చెప్పు, పక్కన నువ్వు ఒక్క వాక్యం కూడా రాయకు. (మన కిరాణా షాపుల్లో పది రూపాయల బిళ్ల ఇస్తే మొహం చిట్లిస్తారు కదా, చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా అంతే. అవన్నీ చివరికి పిల్లల గురిగిల్లోకే చేరతాయి. ఫోన్‌పే మోత తప్ప డబ్బు మొహం చూడని పిల్లలకు అదీ మంచిదే.)

అసలు మాట ఇప్పుడు చెబుతాను. పిల్లల ఓపిక పూర్తిగా వాళ్లలోనే ఉండదు, పెద్దవాళ్ల మాట మీద ఆధారపడుతుంది. 2013లో అచ్చయిన రోచెస్టర్ విశ్వవిద్యాలయం అధ్యయనం ఒకటుంది. చిన్నపిల్లలకు మంచి రంగులు తెస్తామని చెప్పి కొందరికి తెచ్చారు, కొందరికి లేవన్నారు. తర్వాత ఒక మిఠాయి ముందు పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. పెద్దవాళ్లు మాట నిలబెట్టుకున్న పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు, పెద్దవాళ్లు మాట తప్పిన పిల్లలు మూడు నిమిషాలే.

ఇది నీ కథలోకి రావాలి. కూరగాయల బండి దగ్గర చిల్లర లేక అమ్మ గురిగి తలకిందులు చేసి ఇరవై రూపాయలు తీసుకుంటుంది, సాయంత్రం ఇస్తానంటుంది. పిల్లవాడికి టెన్షన్. చీకటి పడుతుంది, అమ్మ రాలేదు. పేజీ తిప్పాలి. అమ్మ వచ్చి ముందు ఆ ఇరవై వేస్తుంది, తర్వాతే చెప్పులు విడుస్తుంది.

కృతజ్ఞత విషయానికొస్తే, చివర్లో నానమ్మ చేత చెప్పించిన నాలుగు నీతి వాక్యాలూ కొట్టెయ్. "ఆంటీకి థాంక్యూ చెప్పు" అని పిల్లలను వెనక నుంచి పొడవడం ఇళ్లలో ఎలాగూ ఉంది, పుస్తకంలోనూ ఎందుకు? గురిగి పగిలాక బిళ్లలు చాప మీద పరిచి వాడే గుర్తుచేసుకోనీ: ఇది బతుకమ్మకు అత్త ఇచ్చింది, ఇది తాతయ్య పాల ప్యాకెట్ తెమ్మన్నప్పుడు మిగిలింది. ఎవరెవరు ఇచ్చారో వాడికి తెలిస్తే చాలు.

ఇంకొకటి. కొన్ని కథల్లోలా దాచిందంతా చివరికి ఎవరి మందులకో ఇప్పించే ముగింపు నాకు నచ్చదు, అటు వెళ్లకు. పెద్దలు మెచ్చుకుంటారు గానీ, వినే పిల్లలకు అర్థమయ్యేది వేరు: దాచుకుంటే పోతుంది. వాణ్ని జెయింట్ వీల్ ఎక్కనీ. మిగిలిన డబ్బుతో అక్కకు మిర్చి బజ్జీ కొనిస్తే కొననీ, అదీ వాడికి తోస్తేనే.

మాటలు ఐదు వందలు దాటనివ్వకు. తిరగరాశాక నాకంటే ముందు మీ అపార్ట్‌మెంట్ పిల్లలకు చదివి వినిపించు. ఏ పేజీ దగ్గర లేచి వెళ్లిపోయారో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఆ ప్రతే పంపు.

ఉంటాను.