చాక్లెట్ పరీక్షలో మావాడు ఫెయిల్

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు. ఈమధ్య వాడి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెట్టి ఒక వీడియో చూపించారు. పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, తినకుండా పావుగంట ఆగితే రెండోది ఇస్తామంటారు. ఆగినవాళ్లే పెద్దయ్యాక బాగా చదివి పైకొచ్చారట. ఇంటికొచ్చి మావాడికి చాక్లెట్‌తో అదే పరీక్ష పెట్టాను. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేలోపు మూతికంతా పూసుకుని కూర్చున్నాడు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండమ్మా. 1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న బింగ్ నర్సరీ స్కూల్లో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టిన ప్రయోగం అది. ఎవరు గొప్పవాళ్లవుతారో తేల్చాలని కాదు, ఆగే పిల్లలు అసలు ఎలా ఆగుతున్నారో చూద్దామని చేశాడు. మిఠాయిని కళ్లకు కనపడకుండా మూసేసినా, అది మిఠాయి కాదు మబ్బుముక్క అనుకోమన్నా ఎక్కువసేపు ఆగారు. మీకు పనికొచ్చే సంగతి ఇదే, వీడియోల్లో మాత్రం ఇది కనపడదు.

చదువు సంగతి తర్వాత వచ్చింది. 1990లో వేసిన పేపర్లో, ఎక్కువసేపు ఆగినవాళ్లకు కాలేజీ ప్రవేశ పరీక్షలో మార్కులు కూడా ఎక్కువొచ్చాయని రాశారు, కానీ ఆ లెక్క కట్టింది 35 మంది పిల్లల మీద. వాళ్లలోనూ యూనివర్సిటీతో సంబంధమున్న ఇళ్ల పిల్లలే ఎక్కువ. 2018లో ఇంకో బృందం తొమ్మిది వందల మందికి పైగా పిల్లల వివరాలు తీసి చూస్తే, ఆగడానికీ చదువుకీ ఉన్న ఆ సంబంధం సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితులు, పిల్లల తెలివితేటలు కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ మిగిలినదాంట్లోనూ మూడో వంతే నిలిచింది.

నాకు వీటన్నిటికంటే నచ్చింది 2013లో రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన ప్రయోగం. ముందు పిల్లలకు అరిగిపోయిన క్రేయాన్లు ఇచ్చి, 'కాసేపు ఆగు, మంచివి తెస్తా' అని వెళ్తారు. సగం మందికి నిజంగానే తెచ్చిస్తారు, మిగతా సగానికి వట్టి చేతులతో వచ్చి 'సారీ, లేవు' అంటారు. స్టిక్కర్లతోనూ అంతే. ఆ తర్వాతే మిఠాయి పెడతారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు. మొత్తం 28 మంది పిల్లలే, చిన్న ప్రయోగమే, కాదనను. కానీ కిరాణా కొట్లో 'అప్పు రేపు' బోర్డు చూసి పెరిగిన మనకు ఇది అర్థం కావడానికి ప్రయోగం కూడా అక్కర్లేదు! 'రేపు కొంటా నాన్నా' అని మీరు ఈమధ్య ఎన్నిసార్లు అన్నారో ఓసారి గుర్తు చేసుకోండి, చాక్లెట్ సంగతి వాడు చూసుకుంటాడు.

ప్రశ్న: సైకాలజీలో పాత ప్రయోగాలు మళ్లీ చేస్తే సగం కూడా నిలబడలేదని మా లెక్చరర్ చెప్పారు. మరి మేం చదివేదంతా అబద్ధమేనా సార్?
- ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ లెక్చరర్ చెప్పింది నిజమే. బ్రయన్ నోసెక్ అనే అమెరికా సైకాలజిస్టు నాయకత్వంలో 270 మంది కలిసి, 2008లో మూడు పేరున్న జర్నళ్లలో వచ్చిన వంద ప్రయోగాలను మళ్లీ చేశారు. అసలు పేపర్లలో 97 శాతం 'ఫలితం వచ్చింది' అన్నవే, రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. ఇది 2015 సంగతి. కొత్త సిద్ధాంతాలన్నీ ఒక ఎత్తు, తమ ఇంటిని తామే ఇలా దులుపుకోవడం ఒక ఎత్తు అంటాను నేను. కాళ్లూ చేతులూ చాపి ఠీవిగా కూర్చున్నా, నిలబడినా హార్మోన్లు మారతాయని 2010లో 42 మందితో చెప్పిన పేపర్ గుర్తుందా? 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లేమీ మారలేదు. ఆ పేపర్ రాసినవాళ్లలో మొదటి పేరున్న డానా కార్నీ, 2016లో తనకే దాని మీద నమ్మకం లేదని బహిరంగంగా రాసేసింది. అలా రాయడానికి గుండె ఉండాలి.

అంతా అబద్ధమంటారా, మళ్లీ మళ్లీ చేసినా నిలబడేవీ ఉన్నాయి. 1935 నాటి స్ట్రూప్ ప్రయోగం మీ ఇంట్లోనే చేసి చూడండి. కాగితం మీద ఆకుపచ్చ స్కెచ్‌పెన్‌తో 'ఎరుపు' అనీ, నీలంతో 'పసుపు' అనీ ఓ ఇరవై మాటలు రాసి, చదవొద్దు, రంగు మాత్రం గబగబా చెప్పు అని మీ తమ్ముడికివ్వండి. వాడు తడబడకపోతే నాకు ఉత్తరం రాయండి.