విమానమంటే భయం, బస్సంటే ధైర్యం

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి హైదరాబాద్ నుంచి విశాఖకు విమానంలో వస్తానంటే వద్దని రాత్రి బస్సెక్కించాను. టీవీలో విమానం కూలిన దృశ్యాలు చూసినప్పటి నుంచీ ఒకటే టెన్షన్. నాది పిచ్చి భయమా?

జవాబు: పిచ్చేం కాదమ్మా, మెదడు పట్టుకున్న అడ్డదారి. ఏది చప్పున గుర్తొస్తే అదే ఎక్కువ జరుగుతుందని లెక్క కట్టేస్తుంది. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1973లో దీని గురించి రాశారు. ఇంగ్లిష్‌లో కె, ఎల్, ఎన్, ఆర్, వి అక్షరాలు మాటల మొదట్లో ఎక్కువ వస్తాయా, మూడో చోటా అని 152 మందిని అడిగితే, 105 మంది వాటిలో ఎక్కువ అక్షరాలకు మొదట్లోనే అన్నారు. నిజానికి ఆ ఐదూ మూడో చోటే ఎక్కువ! మొదటి అక్షరంతో మాటలు తట్టడం తేలిక, అంతే. (అంత్యాక్షరిలో మనం చేసేదీ అదేగా.)

మీ సంగతీ అంతే. కూలిన విమానాన్ని టీవీ వందసార్లు చూపిస్తుంది, బోల్తా పడ్డ బస్సు జిల్లా పేజీలో నాలుగు లైన్లు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. భయం ఒక్కరోజులో పోదు గానీ, ఈసారి అబ్బాయిని విమానం టికెట్టే తీసుకోనివ్వండి, ఆ పూట టీవీ కట్టేయండి.