ఒకే కారు, రెండు తలరాతలు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: పాత కార్ల గురించి రాసేవాళ్లు కనబడిన ప్రతి మోడల్‌కూ ‘ఐకానిక్’ అన్న ముద్ర వేసేస్తున్నారు. పాతబడిన ప్రతి కారుకూ ఆ మాట వర్తిస్తుందా? ఆ అర్హత ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పాతబడటం వేరు, ఒక కాలానికి గుర్తుగా నిలవడం వేరు. ఏళ్లు గడిస్తే ఏ కారైనా పాత కారే అవుతుంది. వాటిలో మంచిది, శ్రద్ధగా కాపాడుకున్నది క్లాసిక్ అనిపించుకుంటుంది. అయితే ఒక మోడల్ పేరు చెప్పగానే ఒక దేశమూ, ఒక కాలమూ, ఆ కాలంలో బతికిన మనుషులూ కళ్ల ముందుకు వచ్చినప్పుడే దానిని ఐకానిక్ అనాలని నా అభిప్రాయం. ఆ గుణం కారుకు కర్మాగారంలో పుట్టుకతో రాదు, జనం వాడుకలో వస్తుంది. ఈ మాటకు అంబాసిడర్‌ను మించిన నిదర్శనం నాకు తెలిసినంతలో లేదు.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ నగరాన్ని ఆనుకుని ఉన్న కౌలీ కర్మాగారంలో 1956లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ తయారీ మొదలైంది. అది మధ్యతరగతి కుటుంబానికి సరిపడే, ఆర్భాటం లేని, నమ్మదగిన కారు. మూడేళ్లు తిరగకుండానే ఇటలీ డిజైనర్లు గీసిన కొత్త ఆకారంతో మరో ఆక్స్‌ఫర్డ్ వచ్చింది, పాతదానిని అక్కడివాళ్లు దాదాపుగా మరచిపోయారు. ఆ కారునే హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాలో అంబాసిడర్ పేరుతో తయారుచేసింది. ముందు జాలీ మారింది, దీపాలు మారాయి, ఇంజన్లు మారాయి గానీ, గుండ్రని పైకప్పూ ఉబ్బిన మడ్‌గార్డులూ గల ఆ ఒడ్డూ పొడుగూ 2014 మే నెలలో తయారీ ఆగిపోయేదాకా చెక్కుచెదరలేదు. ఒకే రేకు, ఒకే అచ్చు. పుట్టినచోట మూడేళ్లకే మూలపడింది, మన దగ్గర అర్ధశతాబ్దం దాటి బతికింది. కారు గొప్పతనమే కారణమైతే ఇంగ్లండ్‌లోనూ అది నిలిచి ఉండవలసింది.

ఇందులో లైసెన్సుల కాలం పాత్రను దాచకూడదు. దిగుమతులకు తలుపులు మూసి, ఎవరు ఎన్ని కార్లు తయారుచేయాలో ప్రభుత్వమే నిర్ణయించిన రోజుల్లో కొనేవాడికి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ తప్ప చెప్పుకోదగ్గ ఎంపిక లేదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. అలాగని అంబాసిడర్ మీద జనానికున్న మమకారాన్ని బలవంతపు కాపురంగా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. ఎంపిక లేకపోవడం వల్ల ఒక కారు మన వాకిట్లోకి రావచ్చు గాని, ఆ ఒక్క కారణంతో అది మన మాటల్లోకి రాదు. తెలుగులో ‘బుగ్గ కారు’ అన్న మాటనే చూడండి. 2017లో ఆ దీపాలను తీసేయించకముందు, నెత్తిన ఎర్ర దీపం వెలుగుతూ మంత్రిగారో కలెక్టరుగారో వచ్చే రోజుల్లో పుట్టిన ఆ మాట వెనుక మన మనసులో కదిలే బొమ్మ తెల్ల అంబాసిడరే. ఆ కారే ఇంకో రంగులో కలకత్తా పసుపు టాక్సీ అయింది, పూలదండలు చుట్టుకుని పెళ్లికారు అయింది, కాన్పు నొప్పులు మొదలైన ఇల్లాలిని అర్ధరాత్రి పట్నం ఆసుపత్రికి చేర్చిన బాడుగ కారు అయింది. అధికారికీ సామాన్యుడికీ ఒకే వాహనం గుర్తుగా నిలవడం ప్రపంచంలో చాలా అరుదు.

దగ్గరికి వెళ్లి చూస్తే దీనికి కారణాలు ఇనుములోనే కనిపిస్తాయి. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండటం వల్ల ముందు సీటు అడ్డు లేని బల్లలా ఉండేది; బాడుగకు తిప్పే డ్రైవరు తలుపు వైపు ఒదిగి కూర్చుని, పక్కన మరో ముగ్గురిని సర్దేవాడు. వెనుక ఇరుసు కింద కమాన్లు ఎంత బరువు వేసినా మోసేవి. బానెట్ ఎత్తితే ఇంజనుకు అటూ ఇటూ మోచేతి దాకా చెయ్యి దూరేంత చోటుండేది. నా చిన్నతనంలో మా ఊరి బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ఒక పెద్దాయన, నడుస్తున్న ఇంజను మీద పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, దాని పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. క్షణం ఆగి ‘రెండో టాపెట్ కొడుతోంది’ అనేవాడు. నాలుగు పానాలతో సాయంత్రానికల్లా బండి రోడ్డెక్కేది. ఏ ఊళ్లోనైనా బాగుచేసేవాడు దొరికే కారును నమ్మి మనిషి ఎంత దూరమైనా బయలుదేరుతాడు. మూడు తరాల జ్ఞాపకాల్లో అది చోటు సంపాదించుకున్నది ఆ ప్రయాణాల వల్లనే.

ఒక గుర్తుకు ఎంత బలం ఉంటుందో చెప్పే చేదు ఉదాహరణ కూడా ఉంది. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడికి వచ్చినవాళ్లు ఎర్ర దీపం పెట్టిన తెల్ల అంబాసిడర్‌లోనే ఆవరణలోకి చొరబడ్డారు. ఆ ఆకారమే అధికారానికి చిరునామా అని వాళ్లకు తెలుసు.

ప్రశ్న: ఎక్కువగా అమ్ముడుపోయిన కారునే ఐకానిక్ అనవచ్చు కదా? ఆ లెక్కన మారుతి 800 సంగతి ఏమిటి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మకాల లెక్క ఒక సాక్ష్యమే గాని, తీర్పు కాదు. టయోటా కరోలా అమ్మకాలు 2021 నాటికి 5 కోట్లు దాటాయి. అయినా కళ్లు మూసుకుని కరోలా ఆకారం గీయమంటే ఎవరికీ చెయ్యి కదలదు, ఎందుకంటే తరం మారినప్పుడల్లా అది రూపం మార్చుకుంటూ వచ్చింది. నిలిచింది పేరు మాత్రమే. ఫోక్స్‌వాగన్ బీటిల్ 2003లో మెక్సికోలో ఆగిపోయేనాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైంది, దానిని చిన్నపిల్లలు కూడా రెండు గీతల్లో గీస్తారు. రెండోవైపు చూస్తే, మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ కూపే 1954 నుంచి 1957 దాకా కేవలం 1,400 తయారైంది. పక్షి రెక్కల్లా పైకి లేచే దాని తలుపులను ఎరగని కార్ల ప్రేమికుడు ఉండడు.

ఆ తలుపులు అలంకారానికి పెట్టినవి కావు. సన్నని గొట్టాలతో అల్లిన దాని చట్రానికి బలం కోసం పక్కలను ఎత్తుగా ఉంచవలసి వచ్చింది, మామూలు తలుపుకు చోటు మిగల్లేదు, అందుకని కీళ్లను పైకప్పుకు బిగించారు. 1959 నాటి మినీ కథా ఇలాంటిదే. సూయజ్ సంక్షోభంతో బ్రిటన్‌లో పెట్రోలుకు కటకట వచ్చినప్పుడు, అలెక్ ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా తిప్పి, గేరుబాక్సును దాని కిందికి చేర్చి, పది అడుగుల కారులో నలుగురు కూర్చునే చోటు సాధించాడు. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నింటిలోనూ ఇంజను అడ్డంగానే ఉంటుంది. రూపం వెనుక ఇలాంటి గట్టి అవసరం ఉన్న కార్లే కాలం మారినా పాతబడినట్టు అనిపించవని నేను గమనించాను. అందం కోసమే అతికించిన తోకలూ రెక్కలూ పదేళ్లకే వెలవెలబోతాయి.

మారుతి 800కు ఆ గౌరవం తప్పక ఇవ్వాలి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ 796 సీసీ బండి, స్కూటరు మీద నలుగురు సర్దుకుని తిరిగిన కుటుంబాలకు మొదటిసారి తలుపులున్న వాహనం అందించింది. మొదటి మోడల్‌కు కొద్ది ఏళ్లకే రూపం మారింది గనుక దాని ఆకారం కన్నా పేరే బలంగా నిలిచింది.

ప్రశ్న: హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ చూశాను. అది ఐకానిక్ కాదా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: అది ఐకానిక్ వాహనమే. అయితే మీరు చూసినది ఒకే ఒక్క ప్రత్యేకమైన కారు. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్ విలువంతా దానిని చేయించుకున్న రాజవంశం నుంచి, దాని మీద చేసిన పనితనం నుంచి వచ్చింది. ఎన్.టి. రామారావు ప్రచారానికి వాడిన చైతన్య రథమూ అంతే. తెలుగువాళ్లకు అది మరపురాని బండి, కానీ దానివల్ల ఆ షెవ్రొలే మోడల్‌కు గుర్తింపు రాలేదు, అందులో ప్రయాణించిన మనిషి వల్ల ఆ ఒక్క వ్యానుకు వచ్చింది. మోడల్ ఐకానిక్ కావాలంటే ఎవరి వాకిట్లో నిలిచినా దానికి అదే గుర్తింపు ఉండాలి.

ప్రశ్న: మా తాతగారి 1972 అంబాసిడర్ ఊళ్లో పాకలో ఉంది. నేను అమెరికాలో ఉంటున్నాను. కొత్త ఇంజను వేయించి నడపాలని కోరిక. చేయవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: తొందరపడకండి. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు, నంబరు ప్లేటు మీద వి.ఏ. అన్న అక్షరాలు వస్తాయి. కాని చట్రం, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు. మీరు వేరే ఇంజను వేయిస్తే ఆ అవకాశం చేజారుతుంది. ఆ నమోదు ఉన్న కారును రోజువారీ అవసరాలకు గాని, బాడుగకు గాని నడపకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ బయటికి తీయవచ్చు.

ముందు అసలు 1489 సీసీ ఇంజను ఉందో లేదో చూసి, దాని నంబరును రిజిస్ట్రేషన్ పుస్తకంతో సరిపోల్చండి. ఇన్నేళ్లుగా కదలని బండిని ఊరికే తాళం తిప్పి స్టార్టు చేయవద్దు. ట్యాంకులో తుప్పు కడిగించి, పాత ఆయిలు తీయించి, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త నూనె పోయించి, ఒక రాత్రి అలా వదిలేయండి. మర్నాడు ముందు బంపరులోని రంధ్రం గుండా హ్యాండిల్ పెట్టి, ప్లగ్గులు లేకుండానే నెమ్మదిగా తిప్పించండి. ఇంజను పట్టేయకుండా తిరిగితే మీ పని సగం అయినట్టే. ఆ హ్యాండిల్ సాధారణంగా డిక్కీలో స్టెప్నీ దగ్గర ఉంటుంది, వెతికించండి.