జాబ్ కార్డులో ఏం రాశారు? – కొత్త కార్ల తంటాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం రూ.14 లక్షలు పెట్టి డీసీటీ (రెండు క్లచ్‌లతో పనిచేసే) గేర్‌బాక్స్ ఉన్న ఆటోమేటిక్ కారు కొన్నాను. ట్రాఫిక్‌లో ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు కుదుపు, వణుకు. ఐదుసార్లు వర్క్‌షాప్‌లో ఇచ్చాను. ప్రతిసారీ ‘ఈ మోడల్‌కి ఇది మామూలేనండీ’ అని కారు కడిగి ఇచ్చేస్తున్నారు. టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి ‘లెమన్ చట్టం కింద కారు మార్పించుకో నాన్నా’ అంటున్నాడు. మన దగ్గర కుదురుతుందా? – ఖమ్మం

జవాబు: రిపేరుకు లొంగని కొత్త కారు కొన్నవాళ్లను ఆదుకునే ఆ చట్టం మీ అబ్బాయి ఉన్నచోట ఉంది. కొన్న 24 నెలలు లేదా 24 వేల మైళ్లలోపు ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా పోకపోతే కంపెనీ మీద ఫిర్యాదుకు దారి దొరుకుతుంది. మన దగ్గర ఇన్నిసార్లు అన్న లెక్క ఏ చట్టంలోనూ లేదు. వినియోగదారుల రక్షణ చట్టం–2019 కింద లోపం ఉందని మీరే రుజువు చేసుకోవాలి. ఆ రుజువులో సగం జాబ్ కార్డులే, అంటే కారు ఇచ్చినప్పుడు మీ ఫిర్యాదును వర్క్‌షాప్ రాసుకునే కాగితాలే. ముందు ఆ ఐదు కార్డులూ తీసి చూడండి. మూడింటిలోనైనా ‘జనరల్ చెకప్’ అని ఉంటుందని మా అనుమానం. అలా ఉంటే కాగితం మీద మీరు కుదుపు గురించి ఫిర్యాదు చేసింది రెండుసార్లే.

ఆరోసారి ఇలా చేయండి. డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీసీటీ చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగానే నడుస్తుంది. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకేటప్పుడు క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది, వణుకు అప్పుడే మొదలవుతుంది. రాత్రంతా షెడ్డులో పెట్టి పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నడిపితే వాళ్లకు ఏమీ కనిపించదు. అందుకని అరగంట, ముప్పావుగంట రద్దీలో నడిపి, వేడి మీదనే వర్క్‌షాప్‌కి తీసుకెళ్లండి. టెక్నీషియన్‌ను స్కానర్‌తో సహా పక్కన కూర్చోబెట్టుకుని తిప్పండి. క్లచ్ ఉష్ణోగ్రత, ఫాల్ట్ కోడ్‌లు, అవి నమోదైనప్పటి కిలోమీటర్ల రీడింగు జాబ్ కార్డులో రాయించండి.

ఫిర్యాదు వాక్యం మీ మాటల్లోనే ఉండాలి. ఉదాహరణకు: ‘ఏసీ ఆన్, గంటకు 10 నుంచి 15 కిలోమీటర్ల వేగం, 30 నిమిషాల ట్రాఫిక్ తర్వాత 1 నుంచి 2వ గేరుకు మారేటప్పుడు కుదుపు’. సర్వీస్ అడ్వైజర్ దాన్ని ‘జర్క్ చెక్’ అని రెండు ముక్కల్లో కుదిస్తే సంతకం పెట్టకండి.

‘మామూలే’ అన్నప్పుడు వాదన పెట్టుకోవద్దు. షోరూమ్‌లోని అదే మోడల్ టెస్ట్ డ్రైవ్ కారును అదే రోడ్డు మీద, అదే టెక్నీషియన్‌తో నడిపించండి. రెండింటికీ తేడా ఉంటే అదీ కార్డులో ఎక్కాలి. తేడా లేకపోతే మీ కారులో ప్రత్యేకమైన లోపమేమీ లేదేమోనని మీరూ ఆలోచించాలి. కొన్ని డీసీటీలకు కొంత వణుకు పుట్టుకతోనే ఉంటుంది.

బాగుచేసే పద్ధతికి ఒక వరుస ఉంది: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, క్లచ్ అడాప్టేషన్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు) మళ్లీ నేర్పించడం, క్లచ్ ప్యాక్ మార్చడం, చివరగా గేర్లనూ క్లచ్‌లనూ నడిపించే మెకాట్రానిక్ యూనిట్ మార్చడం. ఏ వర్షన్ తీసి ఏ వర్షన్ వేశారో, ఏ పార్ట్ నంబరు మార్చారో ఇన్‌వాయిస్‌లో రావాలి. వారంటీలో రూపాయి తీసుకోకపోయినా సున్నా బిల్లు అడిగి తీసుకోండి. కారు తెచ్చుకున్న మర్నాడు ఫోన్ వస్తుంది, ‘సార్, పదికి పది ఇవ్వండి సార్’ అని. జాలిపడి ఇచ్చారో, రేపు వినియోగదారుల కమిషన్‌లో డీలరు దాఖలు చేసే మొదటి కాగితం అదే అవుతుంది.

ఇంతా చేసినా తగ్గకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు అన్ని కార్డుల కాపీలతో ఈమెయిల్ పంపి, కంపెనీ ఇంజినీరుతో పరీక్ష చేయించమనండి. తర్వాత 15 రోజుల గడువుతో డీలరుకూ కంపెనీకీ నోటీసు ఇవ్వండి. చట్టం నోటీసు తప్పనిసరి అనలేదు గానీ ఇస్తే మంచిది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫిర్యాదు చేయవచ్చు. అది రాజీ కుదిర్చే ప్రయత్నం చేస్తుంది, తీర్పు ఇవ్వదు.

ఆఖరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన ధర రూ.50 లక్షల లోపుంటే అక్కడికే వెళ్లాలి. రూ.5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా రూ.200, 20 లక్షల దాకా రూ.400. అంటే మీకు నాలుగు వందలు. కంపెనీ ఎక్కడున్నా, మీరు ఉండే ఊళ్లో లేదా ఉద్యోగం చేసే ఊళ్లో వేసుకోవచ్చు. ఈ–జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచీ దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. గడువు వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. డీలరును, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే ఆ ఒకరు రెండోవారి వైపు వేలు చూపిస్తారు.

కొత్త కారే కావాలని పట్టుబట్టి కేసు వేసినవాళ్లు చాలామంది దెబ్బతిన్నారు. మారుతీ ఉద్యోగ్ – సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది: వారంటీ లోపమున్న పార్టును బాగుచేస్తామనో మారుస్తామనో అంటుందే తప్ప, దాంతో మొత్తం కారు మార్చాల్సిన బాధ్యత దానంతటదే రాదని. అందుకని అభ్యర్థనలు మెట్లు మెట్లుగా రాయండి: కారు మార్పు లేదా డబ్బు వాపసు, అది కాకపోతే గేర్‌బాక్స్ మార్పు, దానికి అదనపు వారంటీ, పరిహారం. తయారీ లోపం అని మీరు అనడం చాలదు, నిపుణుడి నివేదిక కావాలి. చట్టంలోని 38వ సెక్షన్ కింద తగిన ల్యాబొరేటరీకి పరీక్షకు పంపమని కేసుతో పాటే దరఖాస్తు పెట్టండి. దీన్ని మరచిపోతే గెలిచే కేసు కూడా పోవచ్చు. ఇంకోమాట, వణుకుతున్న కారునే 50 వేల కిలోమీటర్లు తిప్పితే ‘నడవని కారు ఇంత దూరం ఎలా నడిచింది?’ అని అడుగుతారు.

ప్రశ్న: బీఎస్–6 డీజిల్ కారు, రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు 6 కిలోమీటర్లే. డీపీఎఫ్ లైటు వెలిగింది. ‘మీ డ్రైవింగ్ వల్లే, వారంటీ రాదు, క్లీనింగ్‌కు డబ్బు కట్టండి’ అంటున్నారు. న్యాయమేనా? – కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: వాళ్లు చెప్పింది నిజం కావచ్చు, కాకపోవచ్చు. తేల్చేది స్కానర్.

డీపీఎఫ్ అంటే పొగగొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ. నిండినప్పుడు ఇంజన్ కాస్త ఎక్కువ డీజిల్ వదిలి ఆ వేడితో మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఇందుకు 15–20 నిమిషాలు ఆగకుండా 60కి పైన పరుగు కావాలి. ఆరు కిలోమీటర్ల ప్రయాణంలో అది సగంలోనే ఆగిపోతుంది. ఐడిల్ ఆర్పీఎం మామూలుకంటే పెరగడం, ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరగడం, కాలిన వాసన – ఇవి ఆ పని నడుస్తోందనడానికి గుర్తులు. అప్పుడు కారు ఆపకండి, ఎండుగడ్డి మీద అసలే పార్క్ చేయకండి. సగంలో ఆగినప్పుడల్లా కాలని డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్‌లో ఆయిల్ పై గీత దాటి ఉంటే ‘భలే, ఆయిల్ తగ్గనే లేదు’ అని సంతోషించకండి. పల్చబడిన ఆయిల్ టర్బోను, బేరింగులను తినేస్తుంది. వెంటనే మార్పించాలి.

లైటు ఒక్కటే వెలిగితే ట్యాంకులో డీజిల్ రిజర్వుకు పైన ఉండేలా చూసుకుని అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. ఒక గేరు తక్కువలో, 2000 ఆర్పీఎంకు పైన, 20 నిమిషాలు నడపండి. చాలాసార్లు లైటు పోతుంది. దాంతో పాటు ఇంజన్ లైటు కూడా వెలిగి పికప్ పడిపోతే ఇక నడపకండి, వర్క్‌షాప్‌లో స్కానర్‌తో బలవంతపు రీజనరేషన్ చేయించాల్సిందే.

ఇక డబ్బు సంగతి. జాబ్ కార్డులో నాలుగు అంకెలు రాయించండి: మసి ఎంత శాతం, డీపీఎఫ్‌కు ముందూ వెనుకా పీడనంలో తేడా, ఇప్పటిదాకా పూర్తయిన రీజనరేషన్లు ఎన్ని, మధ్యలో ఆగినవి ఎన్ని. ఆగినవే ఎక్కువైతే తప్పు మీ ఆరు కిలోమీటర్లదే. పూర్తయినవి సరిగ్గానే ఉండి, అయినా మసి త్వరత్వరగా నిండుతోందంటే కారే అతిగా మసి పుట్టిస్తోంది. కారుతున్న ఇంజెక్టరో, ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వో (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది), ఆయిల్ వదులుతున్న టర్బోనో, చిరిగిన ప్రెషర్ సెన్సర్ గొట్టమో కారణం కావచ్చు. అవి వారంటీ కిందకే వస్తాయి. ఆ కారణం బాగుచేయకుండా డీపీఎఫ్ ఒక్కటే శుభ్రం చేస్తే కొన్నాళ్లకే లైటు మళ్లీ పలకరిస్తుంది. మరో సంగతి: రోజుకు పన్నెండు కిలోమీటర్లు నడిపేవారికి డీజిల్ కారు అమ్మిన సేల్స్‌మన్‌ను మేం మెచ్చుకోలేం.

ప్రశ్న: కొత్త కారు అని ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే టైర్లు ఏడాది కిందటివి. కారు కూడా పాతదేనా? – రాజమహేంద్రవరం

జవాబు: టైరు పక్కన చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం. 2224 అంటే 2024లో 22వ వారం. కారు కంటే టైరు మూడు నాలుగు నెలలు పాతదైతే ఫర్వాలేదు. కారు వయసు తేల్చేవి ఫారం 21 (డీలరు ఇచ్చే సేల్ సర్టిఫికెట్), ఆర్.సి.: రెండింటిలోనూ తయారీ నెల ఉంటుంది. 17 అక్షరాల ఛాసిస్ నంబరులో చాలా కంపెనీలకు పదో అక్షరం సంవత్సరం – ‘ఆర్’ ఉంటే 2024, ‘ఎస్’ ఉంటే 2025.

ఎండకూ వానకూ నెలల తరబడి స్టాక్‌యార్డులో నిలబడ్డ కారులో బ్యాటరీ నీరసిస్తుంది, ఒకేచోట ఒత్తుకున్న టైర్లు వేగంలో వణుకు ఇస్తాయి, ఎలుకలు వైరింగు కొరుకుతాయి. తీరా అమ్మేటప్పుడు ధర కట్టేది తయారీ ఏడాదిని బట్టే.

అమ్మకాల లెక్క చూపించుకోవడానికి కొందరు డీలర్లు కారు అమ్ముడవకముందే కాగితాల్లో అమ్మేస్తారు. అలాంటి కారుకు వారంటీ ఆ రోజు నుంచే మొదలైపోతుంది. కంపెనీ సిస్టమ్‌లో మీ వారంటీ మొదలైన తేదీ ప్రింటు అడగండి. మీ ఇన్‌వాయిస్ తేదీతో కలవకపోతే రాతపూర్వకంగా సరిచేయించండి.

పాత తయారీ అని ముందే చెప్పి తగ్గింపు ఇచ్చి ఉంటే మీకు వాదన లేదు. దాచి అమ్మితే కేసు బలంగానే ఉంటుంది గానీ ప్రధానంగా డీలరు మీద. 2021లో టాటా మోటార్స్ – ఆంటోనియో పాలో వాజ్ కేసులో 2011 మోడల్‌కు డబ్బు తీసుకుని 2009ది అంటగట్టారు. డీలరు చేసిన పని కంపెనీకి తెలుసని రుజువు లేనప్పుడు దానికి కంపెనీని బాధ్యురాలిని చేయలేమని సుప్రీంకోర్టు అంది.

ప్రశ్న: బయట ఫాగ్ లైట్లు వేయించాను. ఇప్పుడు ఏసీ కంప్రెసర్ పోతే ‘వైర్లు కోశారు, వారంటీ మొత్తం రద్దు’ అంటున్నారు. – నెల్లూరు

జవాబు: మొత్తం ఎలా రద్దవుతుంది? మీరు వేయించిన లైట్ల వల్లే కంప్రెసర్ పోయిందని వాళ్లు చూపించాలి. ఏ వైరు, ఏ ఫ్యూజు, ఎలా కారణమైందో రాసిమ్మని అడగండి. చాలామంది అక్కడే మెత్తబడతారు. కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చే వైరులోంచే లైట్లకు లాగి ఉంటే మాత్రం వాళ్ల మాటే నిజం. ఇకముందు ఏది వేయించినా కప్లర్‌తో, విడి రిలే, విడి ఫ్యూజుతో వేయించండి. ఒరిజినల్ వైరు మీద కత్తి పడకూడదు.

ప్రశ్న: ముందున్న లారీని వెనుకనుంచి గుద్దితే ముందుభాగం నుజ్జయింది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. అడిగితే ‘యాంగిల్ సరిగ్గా పడలేదు’ అంటున్నారు. – కర్నూలు

జవాబు: అన్ని ప్రమాదాల్లోనూ అవి తెరుచుకోవు. కారు ముక్కు లారీ కిందకు దూరిపోతే బానెట్ పైభాగం నలుగుతుంది గానీ, సెన్సర్లకు అందాల్సిన హఠాత్తు కుదుపు అందకపోవచ్చు. ముందు బుల్‌బార్ (బంపర్‌కు అడ్డంగా పెట్టే ఇనుప కమ్మీ) బిగించి ఉంటే అదీ సమస్యే. వాటిని కేంద్రం 2017 డిసెంబరులోనే నిషేధించింది. అయితే ‘యాంగిల్’ అనే మాట అన్ని తలుపులూ తెరిచే తాళంచెవి కాదు. క్రెటా కారు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో (హ్యుందాయ్ – శైలేంద్ర భట్నాగర్, 2022) వినియోగదారుడి పక్షాన వచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. వేగాన్నీ ఢీకొన్న బలాన్నీ కొనుగోలుదారు భౌతికశాస్త్రం ప్రకారం లెక్కగట్టి చూసుకోవాలని ఆశించలేమని అందులో తేల్చింది.

మీరు తక్షణం చేయాల్సింది కారును కదిలించకపోవడం. టోటల్ లాస్ (ఇక బాగుచేయించడం గిట్టదు అని తేల్చడం) కింద ఇన్సూరెన్స్ కంపెనీకి అప్పగిస్తే సాక్ష్యం స్క్రాప్‌లోకి పోతుంది. ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి, బంపర్ వెనుక ఉన్న సెన్సర్ల చోటు, లాగినట్టు సాగిన సీటుబెల్టు గుర్తులతో సహా. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లోని క్రాష్ డేటాను మీ ఎదుటే తీసి కాపీ ఇవ్వమని కంపెనీకి రాయండి. ఆ యూనిట్ మార్చాల్సి వస్తే పాతది మీకే అప్పగించమని ఆ ఉత్తరంలోనే చేర్చండి.