అగ్రిమెంటు రాసుకోలేదు, నా 38 వేలు వస్తాయా?

ప్రశ్న: మాది తిరుపతి. ఇంట్లోనే ఉండి డిజైనింగ్ పనులు చేస్తుంటాను. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జి వాళ్లకు ఐదు నెలల కిందట లోగో, బోర్డు, ఇన్‌స్టా పోస్టులు అన్నీ చేసిచ్చాను. 50 వేలకు మాట్లాడుకున్నాం, 12 వేలు అడ్వాన్స్ ఇచ్చారు. మిగతాది అడిగితే ‘వచ్చే వారం వేస్తాం మేడమ్’ అంటూ తిప్పి, ఇప్పుడేమో డిజైన్ నచ్చలేదంటున్నారు. బోర్డు మాత్రం నేను చేసిందే పెట్టుకున్నారు! మాటలన్నీ వాట్సాప్‌లోనే జరిగాయి. వాళ్ల ఇన్‌స్టా పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది, మార్చేయమంటారా?
– ఒక సోదరి

జవాబు: పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండమ్మా. ఇప్పటిదాకా న్యాయం మీ వైపే ఉంది. ఆ ఒక్క పని చేశారంటే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం కింద వాళ్లే మీ మీద ఫిర్యాదు పెడతారు, మీ డబ్బుల సంగతి పక్కకు పోతుంది.

అగ్రిమెంటు లేదని టెన్షన్ పడొద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాటతో కుదిరినదీ ఒప్పందమే, కాకపోతే రుజువు చూపించాలి. మీ దగ్గర రుజువులున్నాయి కదా: రేటు ఒప్పుకున్న మెసేజ్, అడ్వాన్స్ పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఫైళ్లు పంపిన తేదీలు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ ‘వచ్చే వారం వేస్తాం’ అన్న మాట, ఎందుకంటే నచ్చని పనికి డబ్బులు వేస్తామని ఎవరూ అనరు. పైగా అదే చట్టంలోని 70వ సెక్షన్ ఊరికే చేయని పనితో లాభపడినవాళ్లు దానికి తగినది చెల్లించాలంటుంది. ఆ చాట్ చెరిపేయకండి, ఆ ఫోన్ అమ్మేయకండి. కోర్టుకు స్క్రీన్‌షాట్లు ఇచ్చేటప్పుడు వాటితోపాటు ఒక సర్టిఫికెట్ కూడా పెట్టాలి, అది లాయర్ చూసుకుంటారు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఇది సివిల్ గొడవ అని పంపేస్తారు. మొదటినుంచీ ఎగ్గొట్టే ఉద్దేశంతోనే పని చేయించుకున్నారని చూపగలిగితే తప్ప అది మోసం కేసు కాదు. అందుకే ముందు ఏ పనికి ఎంతో, మొత్తం ఎంత రావాలో రాసి, 15 రోజుల గడువిచ్చి మెసేజ్, మెయిల్ రెండూ పంపండి. కదలకపోతే లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపించి రసీదు దాచుకోండి. చాలామంది ఇక్కడే దిగివస్తారు.

లాయర్ ఫీజు ఎక్కడినుంచి తేవాలి అనుకుంటున్నారేమో. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టులో న్యాయ సేవల ఆఫీసుకు వెళ్లి అడగండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు కూడా ఉండదు. వాళ్లు రాకపోతే సివిల్ దావాయే. పని పూర్తయిన రోజు నుంచి 3 ఏళ్ల లోపు వేయాలి, కానీ అన్నాళ్లు ఆగడం దేనికి?

చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇప్పుడే చేసుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితం. ఈ బాకీకి పనికి రావడం కష్టమేగానీ, ఇకమీదట చేసే పనులకు 45 రోజులు దాటితే రిజర్వు బ్యాంకు చెప్పిన బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన అడగొచ్చు.

ఇవన్నీ తర్వాత, ఈ రోజే వెళ్లి లాడ్జి ముందు ఆ బోర్డు ఫొటో తీసిపెట్టుకోండి, నోటీసు అందాక దించేస్తారు.