బేస్ పెట్టె ఎక్కడ పెట్టాలి? (పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ప్రశ్న: నమస్కారమండి. కోనసీమలో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాను. 10 అంగుళాల స్పీకర్లు నాలుగు ఉన్న పెట్టె నాది. తీర్థాలకు వేసే బల్లల స్టేజీ మీద ఎంత వాల్యూమ్ పెంచినా నేను వాయించేది నాకే స్పష్టంగా వినబడదు, పాడేవాళ్లు మాత్రం గుమగుమ ఎక్కువైందని తగ్గించమంటారు. ఆదివారాలు పాలకొల్లు వైపు ఒక చర్చిలో వాయిస్తాను. అక్కడ మూలన పెట్టిన ఇదే పెట్టె, 'ఎ' తీగ మీటినప్పుడల్లా హాలంతా హోరెత్తిస్తుంది. యాంప్లిఫైయర్ మార్చమంటారా?

జవాబు: యాంప్లిఫైయర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, ముందు పెట్టె చోటు మార్చి చూడండి. మీరు రాసిన రెండు ఇబ్బందులకూ కారణాలు వేరు.

స్టేజీ సంగతి ముందు చూద్దాం. బేస్ స్వరంలో గుమ్మని పలికే కింది భాగం పెట్టె చుట్టూ అన్ని వైపులకూ పాకుతుంది. స్వరం ఎప్పుడు మొదలైందో, ఎక్కడ ఆగిందో చెవికి చెప్పే పై భాగం, అంటే తీగ మీద వేలు పడిన చప్పుడు, వెయ్యి హెర్ట్జ్ దాటినకొద్దీ స్పీకర్‌కు ఎదురుగా టార్చిలైటు వెలుగులా సూటిగా పోతుంది. పెట్టె నేల మీద ఉండి, మీరు దానికి రెండు మూడు అడుగుల దూరంలో నిలబడితే ఆ సూటి శబ్దమంతా మీ మోకాళ్ల దగ్గరే ఆగిపోతుంది, మీ చెవికి గుమగుమ మాత్రమే చేరుతుంది. స్పష్టత లేదని మీరు వాల్యూమ్ పెంచుతారు, పెరిగేది మళ్లీ ఆ గుమగుమే. కాబట్టి పెట్టెను కదలని గట్టి బల్ల మీదకు ఎత్తండి, లేదా ముందు అంచు కింద ఇటుక పెట్టి మీ తల వైపు వాల్చి, వెనక్కి పడిపోకుండా ఆసరా ఇవ్వండి. వీలైతే మీరే ఆరేడు అడుగులు ముందుకు జరగండి. వాల్యూమ్ తగ్గించినా మీ వాద్యం మీకు వినబడుతుంది. జనానికి చేరవలసిన బేస్‌ను డి.ఐ. బాక్సు (గిటార్ సిగ్నల్‌ను నేరుగా సౌండ్ మిక్సర్‌కు అందించే చిన్న డబ్బా) ద్వారా మిక్సర్‌కు పంపండి, ఆ భారం పెట్టె మీద వేయవద్దు.

ఇక బల్లలు. సరుగుడు బాదుల మీద పరిచిన బల్లల కింద అంతా బోలు. ఆ స్టేజీ తానే ఒక పెద్ద డప్పులా మోగుతుంది. భీమవరంలో ఒక పెళ్లి స్టేజీ మీద నేను సౌండ్ చెక్ సమయంలో బల్లకు అరచేయి ఆనించి 'ఎ' తీగ మీటించాను. పెట్టె నుంచి పది అడుగుల దూరంలో కూడా అరచేతికి ఆ అదురు స్పష్టంగా తగిలింది, డ్రమ్స్‌లో స్నేర్ అనే చిన్న డ్రమ్ము కింది తీగలు ఎవరూ కొట్టకుండానే చిరచిరలాడుతున్నాయి. పెట్టెను రెండు బాదుల నడుమ నుంచి జరిపి సరిగ్గా బాదు మీదుగా వచ్చే చోట, కింద మందపాటి పీచు పరుపు ముక్క వేసి నిలబెట్టాం. చిరచిర ఆగిపోయింది. పెట్టెకు చక్రాలుంటే తీసివేయండి. కొబ్బరి పీచుకు మన సీమలో కొదవ లేదు కనుక నాలుగు వేళ్ల మందం ముక్క ఒకటి పెట్టెతోపాటే ఆటోలో వేసుకోండి. మీరు ఏ స్టేజీ ఎక్కినా ముందు అరచేయి ఆనించి చూడమని నా గట్టి సలహా. అది చెప్పినంత నిజం ఏ మీటరూ చెప్పదు.

స్టేజీ వెనుక గుడ్డ మాత్రమే ఉంటే కింది స్వరాలు దానిలోంచి బయటికి పోతాయి. అక్కడ బేస్ కాస్త పలచగా వినబడటం సహజం. కల్యాణ మండపంలో ఇటుక గోడ ఉంటుంది, లెక్క మారుతుంది. మన ఎండాకాలపు గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. 55 హెర్ట్జ్ పలికే 'ఎ' తీగ తరంగం పొడవు దాదాపు 21 అడుగులు. స్పీకర్ ముఖం గోడకు అందులో పావు వంతు, అంటే అయిదడుగుల పైచిలుకు దూరంలో ఉంటే, వెనక్కి పోయి గోడకు తగిలి తిరిగి వచ్చిన తరంగం ముందుకు పోయేదానికి ఎదురు తగిలి ఆ స్వరాన్ని చాలా మటుకు తినేస్తుంది. పెట్టెను గోడకు దాదాపు ఆనించేస్తే ఈ లోటు 'ఎ' నుంచి పైకి, 190 హెర్ట్జ్ దాపుకు జరిగిపోతుంది, కింది స్వరాలకు గోడ బలం తోడవుతుంది. ఆ బలం ఎక్కువనిపిస్తే యాంప్లిఫైయర్ మీద బేస్ నాబ్ తగ్గించుకోవచ్చు. గోడ తినేసిన స్వరాన్ని మాత్రం ఏ నాబూ తిరిగి తేలేదు.

మీ చర్చిలో జరుగుతున్నది దీనికి ఎదురు. మూలన రెండు గోడలూ నేలా కలిసి కింది స్వరాలను ఒక్కసారే పెంచుతాయి. పైగా గదిలో ఏ ఏ స్వరాలు నిలిచి మోగగలవో వాటన్నిటినీ మూల నుంచే ఎక్కువగా రేపవచ్చు. హాలు వెడల్పు ఇరవై అడుగుల ప్రాంతంలో ఉంటే ఆ స్వరాల్లో ఒకటి సరిగ్గా మీ 'ఎ' దగ్గర పడుతుంది. ఒకరిని 'ఎ' తీగ మీటుతూ ఉండమని, ఇంకొకరితో కలిసి పెట్టెను గోడ వెంబడి అడుగడుగు చొప్పున జరపండి. హోరు తగ్గి 'ఎ'కు, పక్క స్వరాలకు తేడా లేకుండా వినబడిన చోట సుద్దముక్కతో గీత గీయండి. ప్రతి ఆదివారం అక్కడే పెట్టుకోండి.

ప్రశ్న: 10 అంగుళాల స్పీకర్లు రెండేసి ఉన్న పెట్టెలు నాకు రెండు ఉన్నాయి. పక్కపక్కన పెట్టాలా, ఒకదానిపై ఒకటి పెట్టాలా? – ఒక పాఠకుడు, తణుకు

జవాబు: స్పీకర్లన్నీ ఒకే నిలువు వరుసలోకి వచ్చేలా ఒకదానిపై ఒకటి నిలబెట్టండి. పక్కపక్కన పెడితే స్టేజీకి అడ్డంగా కొన్ని చోట్ల పై స్వరాలు తేలిపోతాయి, రెండడుగులు పక్కకు జరిగితే మోత మారిపోతుంది. నిలువుగా ఉంటే పై స్పీకర్లు మీ చెవికి దగ్గరవుతాయి, ఇటు డ్రమ్మర్‌కూ అటు కీబోర్డు వాయించేవారికీ ఇంచుమించు ఒకేలా వినబడుతుంది. రెండూ 8 ఓమ్‌ల పెట్టెలైతే కలిపినప్పుడు 4 ఓమ్‌లు అవుతాయి కనుక మీ యాంప్లిఫైయర్ దానికి ఒప్పుతుందో లేదో దాని వెనుక పలక మీద చూసుకోండి. పై పెట్టెను కింది దానికి తాడుతో బిగించి కట్టడం మరువకండి. బల్లల స్టేజీ మీద డ్యాన్సర్లు గెంతితే అది జారుతుంది.